పరాయి ఊళ్ళో చదువు, మనసుకు శ్రుతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విదేశాల్లో చదువుతున్న మన పిల్లల గురించీ, విదేశాల నుంచి మన దగ్గరికొచ్చి చదువుకుంటున్న పిల్లల గురించీ వచ్చిన ప్రశ్నల్లో ఆరింటిని ఈసారి తీసుకున్నాం. పాట, ధ్యానం ఒత్తిడిని తగ్గిస్తాయా అన్నదే అందరి సందేహం. తగ్గిస్తాయి. కానీ ఎలా వాడుతున్నామన్న దాని మీదే అంతా ఉంటుంది. ఉత్తరాలు రాసినవారి పేర్లు వేయడం లేదు.

*ప్రశ్న: మా అబ్బాయి డాలస్ దగ్గర ఎమ్మెస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాడు. ఎప్పుడు వీడియో కాల్ చేసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లే. రాత్రంతా అవే నాలుగు ఏడుపు పాటలు తిప్పి తిప్పి వింటున్నాడని రూమ్మేట్ చెప్పాడు. అడిగితే "ఏం లేదమ్మా, బానే ఉన్నా" అంటాడు. ఆ పాటలు ఆపేయమని చెప్పాలా?*
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

ఆపమనకండి అమ్మా. దిగులుగా ఉన్నవాడికి హుషారు పాట పెడితే చిరాకు పుడుతుంది గానీ హుషారు రాదు. దిగులు పాట వినడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ పాట అక్కడే తిరుగుతుండటం. అదే పాట పదోసారి వింటున్నప్పుడు మనసు పాటను వినదు, తన బాధనే నెమరేస్తుంది.

సంగీత చికిత్స చేసేవారు దీనికి పాటించే పద్ధతిని ఐసో సూత్రం అంటారు. 1940ల్లో ఐరా ఆల్ట్‌షులర్ అనే అమెరికన్ మనోవైద్యుడు చెప్పిన మాట అది. మనసు ఎక్కడుందో పాట అక్కడే మొదలవ్వాలి, అక్కడి నుంచి మెల్లగా పక్కకు నడిపించాలి. మీ అబ్బాయికి ఆరు పాటల వరస ఒకటి కట్టుకోమనండి, మొత్తం అరగంట మించకుండా. మొదటి రెండూ వాడు ఇప్పుడు వింటున్నవే. తర్వాతి రెండూ అదే గొంతు, అదే ధోరణి, కానీ అంత బరువు లేనివి. చివరి రెండూ మాటల్లేని వేణువో వీణో, నిమిషానికి 60 నుంచి 70 దెబ్బలు దాటనివి. వేగం కొలవడం తేలికే. పాటతో పాటు వేలితో బల్ల మీద కొడుతూ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరి. ఆరో పాటతో ఆగిపోవాలి, మళ్ళీ మొదటికి రాకూడదు. ఐఫోన్ అయితే గడియారం యాప్‌లో టైమర్ పెట్టి, మోత బదులు "స్టాప్ ప్లేయింగ్" ఎంచుకుంటే దానంతటదే ఆగుతుంది. యూట్యూబ్‌లో పెట్టుకుంటే నిద్ర పట్టే వేళకు ప్రకటన ఒకటి గట్టిగా అరుస్తుంది కాబట్టి పాటలు డౌన్‌లోడ్ చేసుకోవడమే మేలు. వాల్యూమ్ అరవై శాతం దాటొద్దు.

ఇక ఫోన్ సంగతి. గుంటూరులో రాత్రి 9 గంటలంటే డాలస్‌లో మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా ఉదయం 10:30, మిగతా నెలల్లో 9:30. మీకు పని అంతా తెమిలిన వేళ, వాడికి క్లాసుకు పరిగెత్తే వేళ. వారంలో ఒక రోజు మీ పొద్దున 7కు మార్చండి, అక్కడ ముందురోజు సాయంత్రం అవుతుంది. ఆ కాల్‌లో "ఎందుకలా ఉన్నావ్" అని అడగకుండా "నువ్వు వింటున్న పాట నాకూ పంపు, ఇద్దరం విందాం" అనండి. ఇద్దరూ ఎవరి ఫోన్లో వాళ్ళు పెట్టుకొని, పాట అయ్యాక ఒక నిమిషం ఏమీ మాట్లాడకుండా ఉండండి. పిల్లలు నోరు విప్పేది చాలాసార్లు ఆ నిమిషం తర్వాతే. కలిసి పాడాలనుకుంటే మాత్రం ఒకేసారి పాడకండి. నెట్‌లో మాట చేరడానికి పట్టే ఆలస్యం వల్ల తాళం తప్పుతుంది. మీరొక చరణం, వాడొక చరణం పాడుకోండి.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి తలకిందులైనా, క్లాసులు మానేస్తున్నా, బతికి ఏం లాభం లాంటి మాట ఒక్కటి వచ్చినా పాటల సంగతి పక్కన పెట్టండి. యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్ ఉంది. అమెరికాలో ఎక్కడినుంచైనా 988 అనే ఆపత్కాల సహాయ నంబరుకు కాల్ గానీ మెసేజ్ గానీ చేయొచ్చు. ఫోన్ ఎత్తకపోతే క్యాంపస్ పోలీసులకు ఇక్కడినుంచే ఫోన్ చేసి "వెల్‌ఫేర్ చెక్" చేయమని అడగండి, వెళ్ళి తలుపు తట్టి చూసివస్తారు. ఆ నంబరు యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఇవాళే రాసిపెట్టుకోండి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే వీసా పోతుందని మనవాళ్ళలో ఒక భయముంది. అది నిజం కాదు. అక్కడ చెప్పిన మాటలు గోప్యం. పైగా జబ్బు కారణంగా చదువు భారం తగ్గించుకోవడానికి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది. డాక్టరో లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో ఇచ్చిన ఉత్తరం తీసుకెళ్ళి, కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్ఓ) దగ్గర ముందే అనుమతి పొందాలి. అడక్కుండా సబ్జెక్టులు వదిలేస్తేనే స్టేటస్‌కు ముప్పు. మీకే గుండె బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు.

*ప్రశ్న: మాది పటమట, ఇప్పుడు షికాగోలో చదువుతున్నాను. యాప్ పెట్టుకొని కళ్ళు మూసుకొని శ్వాస మీద ధ్యాస పెడితే రెండు నిమిషాలకే గుండె దడ, వేళ్ళు తిమ్మిర్లు. అందరికీ ప్రశాంతత వస్తుంటే నాకే ఎందుకిలా? చిన్నప్పుడు నాలుగేళ్ళు సంగీతం నేర్చుకొని గీతాల దగ్గర ఆపేశాను.*
— ఒక విద్యార్థిని

నీ ఒక్కదానికే కాదమ్మా, చాలామందికి అవుతుంది. ఆందోళనలో ఉన్నప్పుడు శ్వాసను గమనించమంటే, గమనిస్తున్న కొద్దీ చాలడం లేదనిపించి లోతుగా, గబగబా పీల్చేస్తాం. ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ అవసరానికి మించి బయటికి పోతుంది. తల తేలికవడం, వేళ్ళ చివర, పెదాల చుట్టూ తిమ్మిరెక్కడం దాని వల్లే. ప్రమాదం కాదు గానీ, ఆ దడ చూసి ఇంకా భయపడి ఇంకా పీలుస్తాం. కాబట్టి నువ్వు కళ్ళు మూయొద్దు, శ్వాసను చూడనూ వద్దు.

నీ దగ్గర నాలుగేళ్ళ సంగీతం ఉంది. పాడేటప్పుడు గాలి వదలడం దానంతటదే మెల్లగా, పొడుగ్గా సాగుతుంది. వదిలే ఊపిరి పొడుగైతే మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నీకు కావాల్సింది అదే, శ్వాస గురించి ఆలోచించకుండానే దొరుకుతుంది.

మొదటిది రూపక తాళం. ద్రుతం రెండు, లఘువు నాలుగు, మొత్తం ఆరు అక్షరాలు, అంటే ఆరు లెక్కలు. లయకు టిక్ టిక్ మనే మెట్రోనోమ్ యాప్‌లో నిమిషానికి 40 పెట్టు. కుర్చీలో కూర్చొని పాదాలు నేలకు ఆనించి తొడ మీద తాళం వెయ్యి. ద్రుతానికి, అంటే దెబ్బకూ చెయ్యి తిప్పి వేసేదానికీ, ముక్కుతో మామూలుగా పీల్చు. లఘువుకు, అంటే దెబ్బకూ మూడు వేళ్ళకూ, మెల్లగా వదులు. పీల్చడం 3 సెకన్లు, వదలడం 6 సెకన్లు అవుతుంది. చూపు వేళ్ళ మీదే. ధ్యాస తప్పితే తాళం తప్పుతుంది, తప్పిందని చెయ్యే చెబుతుంది, మళ్ళీ ద్రుతం నుంచి ఎత్తుకోవడమే. ధ్యానంలో ఎరుక అంటే ఇంతే, మనసు ఖాళీ కావడం కాదు. ఆరు సెకన్లు వదలడం కష్టంగా ఉంటే మెట్రోనోమ్ 50కి పెంచు. ఊపిరి బిగబట్టి లాగొద్దు, చివర్లో ఆపొద్దు. లైబ్రరీలో కూర్చొని చేసినా ఎవరికీ తెలియదు.

రెండోది సరళీ స్వరాలు, మాయామాళవగౌళ రాగంలోనే. తంబూరా యాప్ పెట్టుకొని మెట్రోనోమ్ 60కి మార్చు. ఆరోహణ మొత్తం, స నుంచి పై స దాకా, ఒకే ఊపిరిలో అకారంగా (స్వరాల పేర్లు అనకుండా "ఆ" అంటూ), ఎనిమిది అక్షరాలు. తర్వాత నాలుగు అక్షరాలు పాట ఆపి ముక్కుతో పీల్చడం. మళ్ళీ అవరోహణ ఒకే ఊపిరి. పన్నెండు సెకన్లకొక శ్వాస, నిమిషానికి ఐదు. మొదటి రెండు వారాలు ఐదు నిమిషాలు చాలు, తర్వాత పదికి పెంచుకో. చాలామంది చేసే పొరపాటు పాత శ్రుతిలోనే ఎత్తుకోవడం. నీకు అప్పట్లో ఐదున్నర శ్రుతి ఉండి ఉంటే ఇప్పుడు నాలుగున్నరకో నాలుగుకో దించు. పై స దగ్గర గొంతు బిగిస్తే మెడ, దవడ బిగుసుకుంటాయి, ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. రోజూ సాధన లేని గొంతు ఎత్తు స్థాయిలో వణుకుతుంది, దానికి బాధపడొద్దు. ఇది కచేరీ కాదు. అక్కడి అపార్ట్‌మెంట్ల గోడలు పల్చన కాబట్టి పక్కవాళ్ళకు ఇబ్బందనిపిస్తే పెదాలు మూసి "మ్" అని పాడు, అరచెయ్యి ఛాతీ మీద ఉంచి ఆ ప్రకంపనను గమనించు.

దడ ఇప్పటికే మొదలైందనుకో, అప్పుడు రెండూ వద్దు. చుట్టూ వినపడే ఐదు చప్పుళ్ళు పేరు పెట్టి లెక్కపెట్టు. ఇంట్లో ఉంటే టీకి నీళ్ళు పెట్టు, పాటలు ఆపేసి ఆ గిన్నెనే విను. మొదట ఏమీ వినపడదు. తర్వాత సన్నగా సూ అంటుంది. అడుగున పుట్టిన బుడగలు పైకి చేరకముందే చల్లటి నీళ్ళలో నలిగిపోయే చప్పుడది. అది పెరిగి పెరిగి గలాటాగా మారుతుంది. సరిగ్గా తెర్లబోయే ముందు చప్పుడు ఒక్కసారి తగ్గుతుంది, ఆ తర్వాతే కళపెళమంటుంది. ఆ తగ్గే క్షణాన్ని పట్టుకోవడమే పని. పట్టుకోలేకపోయినా నష్టం లేదు, రేపు మళ్ళీ టీ పెట్టుకుంటావు.

ఇంకొక్క మాట. షికాగోలో డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. కృష్ణ ఒడ్డున పెరిగిన ఒంటికి అది చిన్న మార్పు కాదు. పొద్దున క్లాసుకు వెళ్ళేటప్పుడు ఒక స్టాప్ ముందే దిగి, ఇయర్‌ఫోన్లు లేకుండా, వెలుతురులో పావుగంట నడువు. చలిబట్టలు సరిగ్గా వేసుకొనే సుమా.

*ప్రశ్న: ఈ రాగం వింటే బీపీ తగ్గుతుంది, ఆ రాగం వింటే నిద్ర పడుతుంది, 432 హెర్ట్జ్ సంగీతం మెదడును నయం చేస్తుంది అని వాట్సాప్‌లో జాబితాలు తిరుగుతున్నాయి. విదేశంలో ఉన్న మనవరాలికి పంపనా?*
— ఒక తాతగారు, అరండల్‌పేట, గుంటూరు

పంపకండి. మన సంగీతంలో షడ్జానికి, అంటే స స్వరానికి, స్థిరమైన ఫ్రీక్వెన్సీయే లేదు కదండీ. ఆడవారు ఒక శ్రుతిలో, మగవారు ఒక శ్రుతిలో పాడతారు, అయినా మోహన రాగం మోహన రాగమే. అటువంటప్పుడు ఒక అంకెలోనే మహిమ ఉందనడం మన పద్ధతికే పొసగదు. నీలాంబరి జోలపాటల రాగమన్నది నిజమే, ఆ నడకలో నెమ్మది ఉంది. కానీ మీ మనవరాలికి నిద్ర పట్టించేది రాగం పేరు కన్నా, చిన్నప్పుడు ఎవరి గొంతులో విన్నదన్న జ్ఞాపకం. మీరే రెండు నిమిషాలు పాడి, ఫోన్లో రికార్డు చేసి పంపండి. వీడియో కాల్‌లో తంబూరాతో పాడితే, ఎడతెగని ఆ శ్రుతిని ఫ్యాన్ చప్పుడనుకొని యాప్ తీసేస్తుంది. అందుకే రికార్డింగ్. జూమ్‌లో అయితే "ఒరిజినల్ సౌండ్" అనే సెట్టింగ్ ఆన్ చేస్తే నిలుస్తుంది.

*ప్రశ్న: వడ్డేశ్వరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తున్నాను. ఆఫ్రికా దేశాల నుంచి, నేపాల్, బంగ్లాదేశ్ నుంచి వచ్చిన విద్యార్థులు మా దగ్గర ఉన్నారు. వారానికొకసారి సంగీతం, ధ్యానంతో ఒక కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?*
— ఒక లెక్చరర్

ముందు ఒక విషయం. వాళ్ళ ఒత్తిడిలో కొంత భాగం పాటతో పోయేది కాదు. 180 రోజులకు మించిన గడువున్న స్టూడెంట్ వీసాతో వచ్చినవారు దిగిన 14 రోజుల్లో విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్ఆర్ఆర్ఓ)లో ఆన్‌లైన్‌గా నమోదు కావాలి. దానికి కాలేజీ నుంచి పత్రాలు కావాలి, ఇంటి యజమాని కాగితం కావాలి. ఆ పనికి ఒక మనిషిని కేటాయించండి. ఆ దిగులు తీరనిదే ఏ ధ్యానమూ కుదరదు.

కార్యక్రమానికి "స్ట్రెస్" అన్న పేరు పెట్టొద్దు. ఆ బోర్డు చూసి గదిలోకి రావాలంటే నామోషీగా ఉంటుంది. పాటల సాయంత్రం అనండి చాలు. పన్నెండు నుంచి పదిహేను మంది, గుండ్రంగా, అందరూ ఒకే ఎత్తులో, చాపల మీదైనా కుర్చీల మీదైనా. యాభై నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు కిటికీలు తెరిచి, బయటి చప్పుళ్ళు వినడమే. హైవే మీద లారీలు, క్యాంటీన్ గిన్నెలు, ఏదైనా సరే. ఆ తర్వాత పది నిమిషాలు చప్పట్లు. "త క ధి మి" నాలుగు, "త కి ట" మూడు, మీరొకసారి అంటే వాళ్ళొకసారి అంటారు. దీనికి భాష అక్కర్లేదు. సగం మంది నాలుగు, సగం మంది మూడు పట్టుకుంటే పన్నెండో దెబ్బ తర్వాత అందరూ మళ్ళీ ఒకేచోట కలుస్తారు. ఆ కలిసే చోట వచ్చే నవ్వు కోసమే ఇదంతా. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవారిలో లయ మీద మీకన్నా పట్టున్నవాళ్ళు దొరకొచ్చు, అప్పుడు చప్పట్ల పగ్గం వాళ్ళకిచ్చేయండి.

తర్వాతి ఇరవై నిమిషాలే అసలైనవి. వారానికి నలుగురు తమ ఇంటి పాట ఒకటి తెస్తారు, పాడినా సరే, ఫోన్లో వినిపించినా సరే, రెండు మూడు నిమిషాలు. మిగతావాళ్ళు ఫోన్లు పక్కన పెట్టి వింటారు. పాట అయ్యాక తెచ్చినవారు ఒక్క మాటలో అది ఎప్పుడు పాడేదో చెబుతారు, పెళ్ళికా, పంటకా, చర్చికా అని. మనం మన భజనతో మొదలుపెట్టి వాళ్ళ చేత పాడించడం అతిథికి మన కంచంలో తినిపించడం లాంటిది, మర్యాదగానే ఉంటుంది గానీ వాళ్ళ ఆకలి తీరదు. చివరి ఐదు నిమిషాలు అందరూ పెదాలు మూసి ఎవరికి వీలైన శ్రుతిలో వాళ్ళు "మ్" అంటూ ఊపిరి వదలడం. ఓంకారం అనొద్దు. కొందరికి అది వేరే మతం ప్రార్థన అనిపిస్తుంది, ఒంటికి కావాల్సిన పని "మ్"తోనే అవుతుంది. మిగిలిన పది నిమిషాలు టీ.

ఇలాంటివి ఎక్కడ చెడతాయంటే, హాజరు తప్పనిసరి చేసినప్పుడు, ముఖ్య అతిథిని పిలిచినప్పుడు, కాలేజీ పేజీలో పెట్టడానికి ఫొటోలు తీసినప్పుడు. కెమెరా కనపడగానే పిల్లలు ప్రదర్శనలోకి వెళ్ళిపోతారు, రెండో వారం సగం మంది రారు. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం ప్రార్థన వేళలు, ఆ టైము వదిలేయండి. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు ముందే ముగించండి. ఎవరైనా మధ్యలో ఏడిస్తే పాట ఆపి అందరూ అటే చూడటం వద్దు. పక్కన ఒకరు కూర్చుంటే చాలు, తర్వాత విడిగా మాట్లాడండి.

*ప్రశ్న: సెప్టెంబరులో యూకే వెళ్తున్నాను. ఒత్తిడి రాకముందే ఏమైనా సిద్ధం చేసుకోవచ్చా?*
— ఒక విద్యార్థి, కొత్తపేట, గుంటూరు

చేసుకోవచ్చు, ఇదే సరైన సమయం. ఈత మునిగేటప్పుడు నేర్చుకోలేం. రోజుకు ఏడు నిమిషాలు, ఒకే వేళకు, ఒకే చోట, ఇక్కడుండగానే మొదలుపెట్టు. పైన చెప్పిన రూపక తాళం సంగీతం రానివాళ్ళకూ కుదురుతుంది. చర్చిలో పాడే అలవాటుంటే నెమ్మదిగా సాగే కీర్తన ఒకటి తీసుకో. మన తెలుగు కీర్తనల పుస్తకాల్లో పాట పైనే రాగం, తాళం అచ్చేసి ఉంటాయి, చూడు. ఇంటి చప్పుళ్ళు కొన్ని ఒక్కో నిమిషం చొప్పున రికార్డు చేసుకో: మిక్సీ, పాలవాడి సైకిల్ గంట, మీ నాన్నగారు పేపర్ తిప్పే చప్పుడు. అయితే వాటిని పడుకునే ముందు వినొద్దు, బెంగ పెరుగుతుంది. మధ్యాహ్నం వంట చేసుకుంటూ విను. చదివేటప్పుడు తెలుగు పాటలు పెట్టుకోకు. అర్థమయ్యే మాటలు చెవిలో పడుతుంటే చదివే మాటలకు అడ్డొస్తాయి, వాద్యం అయితే పర్వాలేదు. దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు నమోదు చేయించుకో. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సహాయ సంస్థ సమారిటన్స్ నంబరు 116 123 ఫోన్లో సేవ్ చేసుకో, ఏ వేళైనా ఎత్తుతారు, డబ్బు పడదు.

*ప్రశ్న: కెనడా వెళ్తున్న మా అమ్మాయి మనశ్శాంతి కోసం నూజివీడులో చేయించిన వీణను వెంట తీసుకెళ్తానంటోంది. పంపమంటారా?*
— ఒక తండ్రి, సత్యనారాయణపురం, విజయవాడ

వద్దండీ. శీతాకాలంలో హీటర్లు నడిచే గదుల్లో గాలి తేమ 30 శాతం కన్నా కిందికి పడిపోతుంది. పనస కర్ర ఎండి కుంచించుకొని అతుకుల దగ్గర నెర్రెలిస్తుంది. మెట్లను పట్టి ఉంచే మైనం చలికి పెళుసెక్కి పగులుతుంది, ఎండలో ఆగిన విమానం అరలో మెత్తబడి మెట్లు జరుగుతాయి. అక్కడ మేళం కట్టేవాళ్ళు, అంటే మైనంతో మెట్లు అమర్చేవాళ్ళు, దొరకడం కష్టం. మనశ్శాంతికని తీసుకెళ్ళిన వీణే దిగులుకు కారణమవుతుంది. మొదటి ఏడాది గొంతు, ఫోన్లో తంబూరా చాలు. చేతికి వాద్యం ఉండి తీరాలంటే వేణువు తీసుకెళ్ళనివ్వండి. లోపల పల్చగా నూనె రాసి, మూత ఉన్న పెట్టెలో ఉంచాలి, బయటి చలి నుంచి రాగానే ఊదకుండా పావుగంట ఆగాలి.

ఇంట్లో ఉండే వీణను పడుకోబెట్టి, నూలుబట్ట చుట్టి, గోడకూ ఏసీ గాలికీ దూరంగా ఉంచండి. తీగలు విప్పేయకండి, ఒక స్వరం మేర దించితే చాలు. నెలకోసారి ఎవరితోనైనా మీటించి, ఆ రెండు నిమిషాలు రికార్డు చేసి అమ్మాయికి పంపండి.